నమాజు హదీసుల ప్రామాణికత: తరచుగా అడిగే ప్రశ్నలు

మస్జిదులో హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం) పాఠం అయ్యాక, చెప్పులు వేసుకునే చోట నన్ను ఆపి అడిగే ప్రశ్నలివి. మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పిన జవాబు ఇంటికి చేరేసరికి మరోలా మారిపోతోంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నమాజు గురించి ఖుర్ఆన్‌లో ఉంది కదా, మళ్లీ హదీసులు ఎందుకు?

ఖుర్ఆన్ నమాజును స్థాపించమంటుంది, రుకూ (నడుము వంచడం), సజ్దాల (నుదురు నేలకు ఆనించడం) పేరెత్తుతుంది, వేళలను సూచిస్తుంది. తెల్లవారుజాము ఫజ్ర్‌లో రెండు రకాతులు (నమాజులోని ఆవృతాలు), మధ్యాహ్నపు జుహ్ర్‌లో నాలుగు అన్న లెక్క అందులో లేదు. దాన్ని చేసి చూపించినవారు ప్రవక్త ముహమ్మద్ (స). ప్రవక్త సహచరుడు మాలిక్ బిన్ హువైరిస్ (రజి) తన ఈడు యువకులతో కలిసి మదీనాకు వచ్చి ఇరవై రాత్రులు ఉన్నారు. వాళ్లను ఇళ్లకు పంపేటప్పుడు ప్రవక్త (స) అన్న మాట ఇమాం బుఖారీ హదీసు సంకలనంలో ఉంది: "నేను నమాజు చేస్తుండగా మీరు ఎలా చూశారో అలాగే చేయండి."

ఒక సంగతి మొదటే చెప్పాలి. ఐదు పూటలు, రకాతుల సంఖ్య, రకాతుకు ఒక రుకూ రెండు సజ్దాలు, తక్బీర్‌తో (అల్లాహు అక్బర్ అనడంతో) మొదలై సలాంతో ముగియడం: ఇవేవీ ఎవరో ఒక్కరు చెప్పిన ఒక్క హదీసు మీద నిలబడినవి కావు. ఒక తరం మొత్తం తర్వాతి తరం మొత్తానికి చేసి చూపించినవి. చేతులు ఎక్కడ కట్టాలి, ఆమీన్ ఎంత గట్టిగా అనాలి వంటి చిన్న వివరాల దగ్గరే ఉల్లేఖనాలు వేరవుతాయి. ఈ కింద ఉన్నదంతా ఆ చిన్న వివరాల గురించే.

ఒక హదీసును సహీహ్ అనాలంటే ఏం చూస్తారు?

హదీసుకు రెండు భాగాలు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో చెప్పే ఉల్లేఖకుల పరంపర సనదు. అసలు మాట మతను. హిజ్రీ 643 (క్రీ.శ. 1245)లో మరణించిన హదీసు పండితుడు ఇబ్నుస్సలాహ్ అప్పటికే వాడుకలో ఉన్న షరతులను ఒకచోట కూర్చారు. పరంపర ఎక్కడా తెగకూడదు. అందులోని ప్రతి మనిషీ నీతిమంతుడై ఉండాలి. విన్నది విన్నట్టు గుర్తుంచుకునేవాడో, జాగ్రత్తగా రాసి దాచుకునేవాడో అయి ఉండాలి. తనకంటే గట్టివారు చెప్పినదానికి ఎదురుగా చెప్పకూడదు. ఇవన్నీ సరిపోయాక కూడా పైకి కనిపించని లోపం ఏదీ ఉండకూడదు. ఈ చివరిదాన్నే ఇల్లత్ అంటారు.

జ్ఞాపకశక్తి ఒక మెట్టు తగ్గితే హసన్. షరతుల్లో ఒకటి పోతే జయీఫ్, అంటే బలహీనం. అల్లిన అబద్ధమని తేలితే మౌజూ. ఇక్కడ చాలామంది పొరబడతారు. జయీఫ్ అంటే ప్రవక్త (స) ఆ మాట అననే లేదన్న తీర్పు కాదు. అన్నారని చెప్పడానికి మన చేతిలో ఉన్న ఆధారం చాలదని మాత్రమే దాని అర్థం.

ఇల్లత్‌ను పట్టుకోవడం ఈ విద్యలో అన్నింటికంటే కష్టమైన పని. ఒకే హదీసు ఎన్ని దారుల్లో వచ్చిందో అన్నీ పోగుచేసి పక్కపక్కన పెట్టాలి. ఒక అంశానికి సంబంధించిన దారులన్నీ పోగుచేయకపోతే అందులోని పొరపాటు బయటపడదని బుఖారీ గురువు అలీ బిన్ మదీనీ అనేవారు.

చెప్పినవాడు భక్తిపరుడైతే చాలదా?

చాలదు. సజ్జనులు హదీసు విషయంలో తప్పు చెప్పినంతగా మరి దేనిలోనూ చెప్పరని యహ్యా బిన్ సయీద్ అల్ ఖత్తాన్ అన్నమాటను హదీసు సంకలనకర్త ఇమాం ముస్లిం తన గ్రంథం ముందుమాటలో రాశారు. కావాలని కాదు, తప్పు వాళ్ల నాలుక మీద దొర్లిపోతుందని ఇమాం ముస్లిం తానే వివరించారు.

రక్తసంబంధాన్ని కూడా వాళ్లు లెక్కచేయలేదు. పైన చెప్పిన అలీ బిన్ మదీనీని ఆయన తండ్రి గురించి అడిగితే, ఇది ధర్మం సంగతి, మా నాన్న బలహీనుడు అన్నారు. కన్నతండ్రి గురించి నలుగురిలో అలా అనగలగడం ఎంత కష్టమో ఆలోచించండి. నాకు ఈ విద్య మీద నమ్మకం కుదిరింది ఇలాంటి చోట్లే.

చేతులు ఛాతీ మీదా, నాభి కిందా?

అన్నింటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

కుడి చేతిని ఎడమ చేతి మీద ఉంచడం వరకు ఆధారం బలంగా ఉంది. సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖనం ఇమాం మాలిక్ మువత్తాలోనూ బుఖారీలోనూ ఉంది. వాయిల్ బిన్ హుజ్ర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. ఈ రెంటిలోనూ శరీరంలో ఏ చోట అన్న మాట లేదు. చిక్కు మొదలయ్యేది ఆ చోటు దగ్గరే.

"ఛాతీ మీద" అన్న మాట అదే వాయిల్ (రజి) ఉల్లేఖనంలో, ఇబ్ను ఖుజైమా గ్రంథంలో వస్తుంది. సుఫ్యాన్ సౌరీ దగ్గర విన్నానని దాన్ని చెప్పింది ముఅమ్మల్ బిన్ ఇస్మాయీల్. ఆయన నిజాయితీపరుడే, కానీ జ్ఞాపకంలో తప్పులు ఎక్కువని విమర్శకులు రాశారు. సుఫ్యాన్ శిష్యుల్లో గట్టివారు ఇదే హదీసును ఆ మాట లేకుండా చెప్పారు. దీనికి తోడుగా తావూస్ ఉల్లేఖనం అబూ దావూద్ సంకలనంలో ఉంది. అయితే అది ముర్సల్, అంటే ప్రవక్త (స) నుంచి విన్న సహచరుడి పేరు అందులో లేదు. ఈ దారులన్నీ ఒకదానికొకటి బలమిస్తాయని కొందరు హదీసువేత్తలు అంగీకరిస్తారు, కొందరు అంగీకరించరు.

"నాభి కింద" అన్నది అలీ (రజి) మాటగా అబూ దావూద్‌లోనూ ముస్నద్ అహ్మద్‌లోనూ ఉంది. దాని పరంపరలో ఉన్న అబ్దుర్రహ్మాన్ బిన్ ఇస్‌హాఖ్ అల్ వాసితీని హదీసువేత్తలు బలహీనుడన్నారు. ఛాతీ హదీసు విషయంలో ఉన్నంత వాదన కూడా ఈయన విషయంలో లేదు.

అంటే రెండు పక్షాల చేతిలోనూ వివాదం లేని సహీహ్ హదీసు లేదు. హిజ్రీ 279 (క్రీ.శ. 892)లో మరణించిన తిర్మిజీ ఈ సంగతి రాస్తూ, సహచరుల్లోనూ తర్వాతి పండితుల్లోనూ కొందరు నాభికి పైన, కొందరు నాభికి కింద అన్నారనీ, వాళ్ల దృష్టిలో రెంటికీ చోటుందనీ చెప్పారు. చిన్నప్పుడు ఒక మస్జిదులో ఈ విషయం మీద ఇద్దరు పెద్దవాళ్లు కాలర్లు పట్టుకోవడం చూశాను. తిర్మిజీలోని ఆ ఒక్క వాక్యం ఆ రోజు ఎవరైనా చదివి వినిపించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రఫయదైన్ (నమాజులో రెండు చేతులెత్తడం) హదీసు రద్దయిందంటారు, నిజమేనా?

రుకూకు వెళ్లేటప్పుడు, లేచేటప్పుడు చేతులెత్తడం గురించి ఇబ్ను ఉమర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెంటిలోనూ ఉంది. ఆయన నుంచి కొడుకు సాలిం, సాలిం నుంచి జుహ్రీ: ఇంతకంటే మెరుగైన పరంపర దొరకడం కష్టం. ఇతర సహచరులు చెప్పినవీ ఉన్నాయి. బుఖారీ ఈ ఒక్క విషయం మీదే విడిగా ఒక చిన్న పుస్తకం రాశారు.

చేతులెత్తనివారి ఆధారం ఇబ్ను మస్ఊద్ (రజి) ఉల్లేఖనం. ప్రవక్త (స) నమాజు ఎలా ఉండేదో చేసి చూపిస్తానని చెప్పి, ఇబ్ను మస్ఊద్ (రజి) మొదటిసారి తప్ప చేతులెత్తలేదు. తిర్మిజీ దీన్ని హసన్ అన్నారు. అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ ఇది తన దృష్టిలో రుజువు కాలేదన్నారు. పొడవైన హదీసును కుదించడంలో ఈ మాటలు ఇలా వచ్చాయని అబూ దావూద్ అభిప్రాయం. ఇబ్ను హజ్మ్ సహీహ్ అన్నారు. మన కాలంలో అల్బానీ కూడా సహీహ్ అన్నారు. ఆయన స్వయంగా రఫయదైన్ పక్షం. తన వాదానికి అనుకూలం కాని హదీసును కూడా సహీహ్ అని ఒప్పుకున్న ఆ తీరు మనకు అలవడాలని నా కోరిక.

మూడోది బరా బిన్ ఆజిబ్ (రజి) ఉల్లేఖనం. ఇల్లత్ అంటే ఏమిటో చూపించడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. దాన్ని చెప్పిన యజీద్ బిన్ అబీ జియాద్ దగ్గర సుఫ్యాన్ బిన్ ఉయైనా మొదట విన్నప్పుడు "నమాజు మొదట్లో చేతులెత్తారు" అని మాత్రమే ఉంది. కొంతకాలం తర్వాత కూఫాలో అదే యజీద్ నోట "ఆ తర్వాత మళ్లీ ఎత్తలేదు" అన్న ముక్క కూడా వినిపించింది. వయసు మీద పడిన మనిషికి పక్కవాళ్లు అందిస్తే ఆయన అందుకున్నాడని సుఫ్యాన్ భావించారు. హుషైం వంటి ఇతర శిష్యులు కూడా ఆ ముక్క లేకుండానే చెప్పారని అబూ దావూద్ రాశారు. పరంపర మాత్రమే చూస్తే ఇది తెలియదు. ఒకే మనిషి రెండు కాలాల్లో చెప్పిన మాటలను పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇక రద్దు సంగతి. ఒక హదీసు మరోదాన్ని రద్దు చేసిందనాలంటే ఏది ముందో ఏది తర్వాతో తెలియాలి. ఇక్కడ ఆ ఆధారం లేదు. ప్రవక్త (స) రెండు విధాలుగానూ చేసి ఉండవచ్చన్న మాటే నాకు సబబుగా తోస్తుంది.

ఆమీన్ గట్టిగా అనాలా, మెల్లగానా?

ఇక్కడ బలహీనుడంటూ ఎవరూ లేరు. తమ కాలంలో హదీసు విద్యకు శిఖరాల్లాంటి ఇద్దరు ఎదురుపడ్డారు. వాయిల్ (రజి) హదీసును సలమా బిన్ కుహైల్ నుంచి సుఫ్యాన్ సౌరీ చెబితే ప్రవక్త (స) ఆమీన్ అంటూ "గొంతు సాగదీశారు" అని ఉంది. అదే సలమా నుంచి షుఅబా చెబితే "గొంతు తగ్గించారు" అని ఉంది.

బుఖారీని తిర్మిజీ దీని గురించి అడిగారు. సుఫ్యాన్ మాటే ఎక్కువ సరైనదనీ, షుఅబా ఈ హదీసులో పలుచోట్ల పొరబడ్డారనీ బుఖారీ జవాబు. హుజ్ర్ బిన్ అంబస్ అనాల్సిన చోట హుజ్ర్ అబుల్ అంబస్ అన్నారు. పరంపరలో లేని అల్ఖమాను చేర్చారు. మూడోది ఆ గొంతు సంగతి. ఒక మనిషికి రెండు పేర్లు ఉండకూడదా అని హనఫీ పండితులు దీనికి జవాబిచ్చారు. ఆ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. అయితే సుఫ్యాన్ జ్ఞాపకం తనకంటే గట్టిదని చెప్పింది స్వయంగా షుఅబాయే కాబట్టి నా మొగ్గు బుఖారీ వైపే.

తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజు) ఎనిమిది రకాతులా, ఇరవయ్యా?

రంజాన్‌లో గానీ వేరే నెలల్లో గానీ ప్రవక్త (స) రాత్రి నమాజు పదకొండు రకాతులు (ఎనిమిదీ, చివరి విత్ర్ మూడూ) దాటలేదన్న ఆయిషా (రజి) మాట బుఖారీలో ఉంది. ప్రవక్తే (స) ఇరవై చేశారన్న ఉల్లేఖనం ఇబ్ను అబీ షైబా ముసన్నఫ్‌లో ఉంది గానీ, దాన్ని చెప్పిన అబూ షైబా ఇబ్రాహీం బిన్ ఉస్మాన్ బలహీనుడు. ఆయన ఎవరో కాదు, ఆ గ్రంథకర్తకు స్వయానా తాత.

ఉమర్ (రజి) కాలపు సంగతి వేరు. ఉబై బిన్ కఅబ్, తమీం దారీలను (రజి) పదకొండు రకాతులు చేయించమన్నారని మువత్తాలో ఉంది. దాని వెంటనే, ఆ కాలంలో జనం విత్ర్‌తో కలిపి ఇరవై మూడు చేసేవారని యజీద్ బిన్ రూమాన్ మాట కూడా ఉంది. ఈ యజీద్ ఉమర్ (రజి) కాలపు మనిషి కాదు కాబట్టి పరంపర తెగింది. అయితే సాయిబ్ బిన్ యజీద్ (రజి) నుంచి ఇరవై అని బైహఖీలో మరో దారిలో వచ్చింది, దాన్ని చాలామంది అంగీకరించారు. కాబట్టి ఇరవై చేసేవారు ఆధారం లేకుండా చేస్తున్నారనడం అన్యాయం. ఎనిమిది చేసి వెళ్లిపోయేవారిని బద్ధకస్తులనడమూ అన్యాయమే.

సజ్దాలోకి వెళ్లేటప్పుడు ముందు మోకాళ్లా, చేతులా?

మోకాళ్లు ముందు అన్న హదీసును షరీక్ ఒక్కరే చెప్పారు. ఖాజీ పదవిలోకి వెళ్లాక ఆయన జ్ఞాపకం చెడిందంటారు. ఒంటెలా కూలబడవద్దు, చేతులు ముందు పెట్టండి అన్న హదీసు పరంపరలో ఒకరు తన పైవారి దగ్గర విన్నారో లేదో తనకు తెలియదని బుఖారీ అన్నారు. పండితులు రెండు వైపులా ఉన్నారు. మీ మోకాళ్ల నొప్పిని బట్టి వెళ్లండి.

బుఖారీ, ముస్లింలలో లేని హదీసు బలహీనమేనా?

కాదు. "ఇమాం పఠించేటప్పుడు మౌనంగా ఉండండి" అన్న అబూ హురైరా (రజి) ఉల్లేఖనం గురించి ఇమాం ముస్లింను ఒకరు అడిగారు. నా దృష్టిలో సహీహ్ అన్నారాయన. మరి మీ గ్రంథంలో ఎందుకు పెట్టలేదంటే, నేను సహీహ్ అనుకున్న ప్రతిదాన్నీ ఇందులో పెట్టలేదు, పండితులు ఏకీభవించినవే పెట్టానని చెప్పారు. ఈ సంభాషణ సహీహ్ ముస్లింలోనే ఉంది.

స్త్రీల సజ్దా వేరుగా ఉండాలన్న హదీసు ఎలాంటిది?

శరీరాన్ని నేలకు ఆనించాలని ప్రవక్త (స) ఇద్దరు స్త్రీలకు చెప్పారన్న ఉల్లేఖనం యజీద్ బిన్ అబీ హబీబ్ నుంచి వచ్చిన ముర్సల్. అబూ దావూద్ దాన్ని ముర్సల్ హదీసుల కోసం రాసిన విడి గ్రంథంలోనే పెట్టారు. మరోవైపు ఉమ్ముద్దర్దా నమాజులో పురుషుల్లాగే కూర్చునేవారనీ, ఆమె ధర్మశాస్త్రం తెలిసిన వనిత అనీ బుఖారీ రాశారు. ఒదిగి సజ్దా చేయాలని చెప్పిన మద్‌హబులు (ధర్మశాస్త్ర సంప్రదాయాలు) ముర్సల్‌తో పాటు సహచరుల మాటలనూ, స్త్రీకి మరుగు కావాలన్న సూత్రాన్నీ ఆధారం చేసుకున్నాయి. ఇంట్లో అమ్మ చేసే నమాజును తప్పుపట్టే ముందు అబ్బాయిలు ఇది గుర్తుంచుకోవాలి.

బలహీన హదీసు మీద ఆచరించవచ్చా? సలాతుత్తస్బీహ్ మాటేమిటి?

హలాల్ హరాంలకు బలహీన హదీసు పనికిరాదు. పుణ్యకార్యాల ప్రోత్సాహానికి చాలామంది పండితులు ఒప్పుకున్నారు. దానికి హదీసు పండితుడు ఇబ్ను హజర్ మూడు హద్దులు పెట్టారని ఆయన శిష్యుడు సఖావీ రాశారు: బలహీనత తీవ్రంగా ఉండకూడదు, ఆ పని ఏదో ఒక స్థిరపడిన సూత్రం కిందికి రావాలి, ప్రవక్త (స) నిశ్చయంగా ఇలా అన్నారని నమ్మకూడదు. మూడో హద్దును మన ప్రసంగాల్లో ఎవరూ పాటించడం లేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

సలాతుత్తస్బీహ్ నాలుగు రకాతులు. రకాతుకు 75 చొప్పున 300 తస్బీహ్‌లు (అల్లాహ్ స్తుతి వచనాలు). అబూ దావూద్, ఇబ్ను మాజాలలో ఉంది. ఇబ్నుల్ జౌజీ దీన్ని కల్పితాల్లో చేర్చారు. పరంపరలోని మూసా బిన్ అబ్దుల్ అజీజ్ ఎవరో తెలియదన్నది ఆయన కారణం. కానీ యహ్యా బిన్ మయీన్, నసాయీ ఆ మూసాతో ఇబ్బంది లేదని అంతకు చాలా ముందే చెప్పారు. కాబట్టి కల్పితం అనడం అతి. ఇబ్ను హజర్ అంతటివారు ఒకచోట బలహీనమనీ, మరోచోట హసన్ అనీ రాశారు. చేసేవారిని నేను ఆపను. చేయనివారికి ఏదో కోల్పోతున్నారని చెప్పను.

రంజాన్ చివరి జుమా నాడు నాలుగు రకాతులు చేస్తే తప్పిపోయిన నమాజులన్నీ తీరిపోతాయని ఫోనులో వచ్చింది. నిజమేనా?

అబద్ధం. ఖజాయే ఉమ్రీ పేరుతో తిరిగే ఈ మాట ఖచ్చితంగా కల్పితమని ముల్లా అలీ ఖారీ (మరణం హిజ్రీ 1014) రాశారు. ఏళ్ల తరబడి వదిలేసిన నమాజులకు ఒక ఆరాధన బదులు కాదన్న ఏకాభిప్రాయానికే ఇది విరుద్ధమన్నారు. లక్నో పండితుడు అబ్దుల్ హై (మరణం హిజ్రీ 1304, క్రీ.శ. 1886) దీన్ని ఖండిస్తూ ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాయాల్సి వచ్చింది. రజబ్ నెల మొదటి శుక్రవారానికి ముందు రాత్రి చేసే రగాయిబ్ నమాజు కూడా కల్పితమే. ఇబ్నుల్ జౌజీ, నవవీ ఇద్దరూ దాన్ని తిరస్కరించారు.

చిన్న పనికి కొండంత పుణ్యం, ఇంత అన్న లెక్కతో సహా రాసి ఉంటే అక్కడే అనుమానించాలి. ఇలాంటివి పంపేవారు మంచి ఉద్దేశంతోనే పంపుతారు. కానీ ప్రవక్త (స) అనని మాటను ఆయన నోట పెట్టడం ఎంత పెద్ద పాపమో ఆయనే హెచ్చరించారు.

"బైహఖీలో ఉంది", "హాకిమ్ సహీహ్ అన్నారు" అంటే నమ్మవచ్చా?

పుస్తకంలో ఉండటం వేరు, రుజువు కావడం వేరు. హాకిమ్ తన ముస్తద్రక్‌లో సహీహ్ అనడంలో ఉదారంగా వ్యవహరించారు. అందుకే దాన్ని జహబీ వ్యాఖ్యతో కలిపి చదవాలి. "సనదు సహీహ్" అన్నా "హదీసు సహీహ్" అన్నా ఒకటి కాదు. మొదటిదానిలో ఇల్లత్ మాట ఇంకా మిగిలే ఉంటుంది. ఎవరు తీర్పు చెప్పారో అడగండి, దాన్ని కాదన్నవారు ఉన్నారా అని కూడా అడగండి.

ఈ ఉల్లేఖకుల చరిత్రలన్నీ మనకు ఎలా అందాయి?

ఈ ప్రశ్న అడిగినప్పుడు హైదరాబాద్ పేరు చెప్పడం నాకు ఎంతో ఇష్టం. ఉల్లేఖకుల గురించి ఇబ్ను హజర్ రాసిన తహ్‌జీబుత్తహ్‌జీబ్ పన్నెండు సంపుటాలు హిజ్రీ 1325 నుంచి హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థలోనే అచ్చయ్యాయి. బుఖారీ తారీఖుల్ కబీర్, ఇబ్ను అబీ హాతిం అల్ జర్హ్ వత్తఅదీల్, బైహఖీ సుననుల్ కుబ్రా, పైన చెప్పిన ముస్తద్రక్ కూడా ఇక్కడి నుంచే వెలువడ్డాయి. యెమెన్ నుంచి వచ్చిన అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ సుమారు పాతికేళ్లు ఇక్కడ కూర్చుని రాతప్రతులను అక్షరం అక్షరం సరిచూశారు. తర్వాత మక్కా వెళ్లి అక్కడే హిజ్రీ 1386 (క్రీ.శ. 1966)లో కన్నుమూశారు. అరబ్బు దేశాల్లో ఈనాటికీ పండితులు "హైదరాబాద్ ప్రతి" అని ప్రస్తావించేది ఈ ముద్రణలనే.

మా మద్‌హబు ఆధారం బలహీన హదీసని తేలితే మద్‌హబు తప్పినట్టేనా?

తొందరపడకండి. అబూ హనీఫా (రహ్మ) హిజ్రీ 150లో మరణించారు. పరంపరలోని బలహీనుడు చాలాసార్లు ఆయన తర్వాతి తరం మనిషి. ఆయనకు అదే మాట వేరే దారిలో చేరి ఉండవచ్చు, లేదా ఇబ్ను మస్ఊద్ (రజి) శిష్యులు కూఫాలో చేస్తూ వచ్చిన ఆచరణే ఆయనకు ఆధారం కావచ్చు. అలాగని సహీహ్ హదీసు కళ్లెదుట ఉన్నా వినననడమూ సరికాదు. హదీసు సహీహ్ అయితే అదే నా మద్‌హబ్ అన్నారు షాఫయీ (రహ్మ).

మీరు చెప్పిన హదీసు నంబరు మా పుస్తకంలో కలవడం లేదు, ఎందుకు?

నంబర్లు గ్రంథకర్తలు వేసినవి కావు. తర్వాతి కాలపు సంపాదకులు వేసినవి. తిరిగి వచ్చిన హదీసును ఒకరు విడిగా లెక్కిస్తే, మరొకరు లెక్కించరు. ముద్రణ మారితే నంబరు మారుతుంది. అందుకే పాఠంలో నేను గ్రంథం పేరు, అధ్యాయం పేరు, సహచరుడి పేరు చెబుతాను. ఆ మూడూ రాసుకుంటే ఏ ముద్రణలోనైనా దొరుకుతుంది.